ఎంగిలితో తుడిచిన పేరు

మొన్న మార్కాపురంలో నా కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించబోయాను. గుట్కా నములుతున్న దుకాణదారు బొటనవేలు నాలుకకు అద్ది, తెర మీది మరక రుద్దాడు.

"అంతా ఫార్మాట్ కొట్టేస్తా పెద్దాయనా. క్లీన్‌గా ఉంటేనే కొత్తది బాగా ఎక్కుతాది."

ఫైళ్లు వేరేచోట దాచి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే ఫార్మాట్ చేయాలని ఈ వయసులో సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. ఛీ అని కంప్యూటర్ వెనక్కి లాక్కున్నాను. ఆ ఎంగిలి వాసనకు నా మొదటి పలక గుర్తొచ్చింది.

నన్ను బడిలో వేసిన కొత్తలో, పలకల గనిలో పనిచేసే నాయన నా పలక మీద నా పేరు రాసిచ్చాడు. ఆయనకు రాయడం వచ్చిన మాట అదొక్కటే. అయ్యవారు దాని మీద తాంబూలం ఉమ్మి, అరచేత్తో పులిమేశాడు.

"పలక శుభ్రంగా ఉంటేనే అ ఆలు వస్తాయిరా!"

అక్షరాలు రాతిలోకి ఇంకిపోయాయనుకున్నాను. పలక కడిగి ఎండలో పెట్టి, అవి పైకి తేలతాయని కాచుకున్నాను. ఎర్రటి మరక, కంపు మాత్రం మిగిలాయి.

"మళ్లీ రాయి నాయనా," అని ఏడ్చాను.

"వద్దులేరా. అయ్యవారు చెరిపినాడంటే నేను తప్పు రాసింటా."

ఆయన మళ్లీ బలపం పట్టలేదు. ఆ అక్షరాల రూపు మాత్రం నా కళ్లలో నిలిచిపోయింది; ఇన్నేళ్లుగా నా పేరు ఆయన రాసినట్టే రాస్తున్నాను. అందులో ఒక్క తప్పూ లేదు.