సత్తిబాబు గారి సుద్దగీత

మా చిన్నప్పుడు... రాజోలు దగ్గర మా మేడ కడుతుంటే, హాలు మధ్యలో గుండ్రంగా తిరిగే మెట్లు పెట్టించారు. నాన్న మస్కట్ నుంచి పంపిన ఫొటోలో అలాగే ఉన్నాయట. పెదనాన్న దగ్గరుండి కట్టించేవారు.

ఆ మెట్లకి చేతిపట్టు చెయ్యడానికి వెల్డింగు సత్తిబాబు గారు వచ్చారు. ఆయన పని చూసి తీరాలండీ... దారంతో మెట్లన్నీ కొలుచుకుని, పక్కగదిలో సిమెంటు నేల మీద ఆ వంపంతా సుద్దముక్కతో అసలు సైజులో గీసేవారు. ఇనప గొట్టంలో ఎండిన ఇసుక కూరి, రెండు చివరలా బిరడాలు బిగించి, బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, కొంచెం కొంచెంగా వంచేవారు. ఇసుక లేకపోతే గొట్టం నొక్కుకుపోతుందట. వంచిన ప్రతిసారీ తెచ్చి ఆ గీత మీద పెట్టి చూసుకునేవారు.

పై మలుపు గీసిన రోజున, "అమ్మాయిగారూ, ఇదొక్కటీ తొక్కకండేం" అని చెప్పి అన్నానికి వెళ్ళారు.

తొక్కకపోతే నేను నేనెందుకవుతాను! నేనూ, మా పెదనాన్న కూతురూ అక్కడే తొక్కుడుబిళ్ళ ఆడాం. నేల నున్నగా ఉంది మరి... తీరా చూస్తే సగం గీత మా పాదాలకి అంటుకుపోయింది. సుద్దముక్క తీసుకుని, గుర్తున్నంతలో నేనే గీసేశాను. బాగానే వచ్చిందనుకున్నాను కూడా.

ఆయన వచ్చి ఆ గీత చూసుకుంటూనే గొట్టం వంచారు. మర్నాడు మెట్ల ఊచల మీద పెడితే, పై మలుపు దగ్గర జానెడు బయటికి పోయింది.

"ఏవయ్యా సత్తిబాబూ, పొద్దున్నే మందేసుకొచ్చి గీసేవా ఏంటి?" అన్నారు పెదనాన్న, పనివాళ్ళందరి ముందూ.

"ఆయ్... నేను ముట్టనండి. గీత మీద సరిగ్గానే కూర్చుందండి..." అంటూ ఆయన పక్కగదిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ కొలిచారు. చివరికి, "నేనే తప్పు గీసేనండి" అన్నారు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. గీసింది నేనని చెప్పలేదు. పెదనాన్న కొడతారని భయం, అంతే.

మిగతా పని అమలాపురం నుంచి వచ్చిన వేరే ఆయనకి ఇచ్చారు. ఊళ్ళో మాట ఆగుతుందా... గుండ్రటి మెట్లకి సత్తిబాబు గారిని ఇంకెవరూ పిలవలేదు. ఆయన కూడా కిటికీ ఊచలకే పరిమితమైపోయారు. అంత చెయ్యి తిరిగిన మనిషి.

డిగ్రీ చదివేటప్పుడు ఒక పెళ్ళిలో కనిపించారు. ఈసారి చెప్పేద్దామనే దగ్గరికి వెళ్ళాను. ఆయనే ముందు లేచి నిలబడ్డారు.

"అమ్మాయిగారూ, అప్పుడు మీ ఇంట్లో నా చెయ్యి తప్పిందండి. తెలిసి చేసింది కాదని నాన్నగారితో ఓ మాట చెప్పండేం..."

నేనేమన్నానో తెలుసా... "పర్లేదండీ" అన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు స్టీలు గొట్టాలు వంచినవే కొట్లో దొరుకుతున్నాయి, నేల మీద గీసేవాళ్ళు లేరు. మీ తప్పు నెత్తిన వేసుకున్న మనిషి మీకూ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ కామెంట్లో తర్వాత రాద్దురుగాని... ముందు వాళ్ళింటికి వెళ్ళి చెప్పి రండి.