దీక్ష టెంటులో జర్మనీ నవల

నాజీల వేట నవల ఏది దొరికినా ఇప్పటికీ వదలను. మా ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బు అంటారు. అననీ, నాకేం! ఇంటర్ చదివే రోజుల్లో జనగామ బస్టాండు వెనకాల అద్దె పుస్తకాల దుకాణం ఒకటుండేది. ఆ దుకాణం చాచా ఆ రకం అనువాద నవలలు నాకోసం పక్కకు తీసిపెట్టి, "బేటీ, నీ జర్మనీవాడు వచ్చిండు," అని కేకేసేవాడు. కథ దాదాపు ఒకటే. యుద్ధకాలంలో వేలమందిని చావుకు తోలినవాడు పేరు మార్చుకుని, దేశం మార్చుకుని, ఎక్కడో గులాబీ మొక్కలకు నీళ్లు పోసుకుంటూ మర్యాదస్తుడిలా బతుకుతుంటాడు. ముప్పయ్యేళ్లకు ఒకడు వాడి ఆనవాలు పట్టుకుని ఊరూరూ తిరుగుతాడు. చివరికి పట్టుకుంటాడు. పట్టుకుంటాడని మొదటి పేజీలోనే తెలుసు, అయినా గుండె దడదడలాడుతూ చదువుతాను. తెలుసు కాబట్టే చదువుతానేమో. బయట లోకంలో ఆ గ్యారంటీ ఎవరిస్తారు?

మా ఇంట్లో కూడా దొరకనివాడు ఒకడున్నాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి మా పెద్దబాపు, అంటే మేము బాపు అని పిలిచే మా నాన్నకు అన్న, మానుకోటలో చదువుకుంటున్నాడు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. ఊరేగింపు ముగిసి పిల్లలంతా చెదిరిపోయాక, ఎవడో పోలీసులకు ఆయనను వేలెత్తి చూపించాడట. ఆ దెబ్బలకు కుడికాలు మళ్లీ సరిగ్గా నిలవలేదు. ఆయన అక్కడే చిన్న ఉద్యోగం చూసుకుని కుంటుతూనే సంసారం ఈదాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు.

ఎత్తేది మా బాపు. లారీ డ్రైవరు, కోపం ముక్కు మీదే ఉంటుంది. "చూపిచ్చినోనికి మొండి వేలు. ఎడమ చేతిది, సగమే ఉంటది. వాడు దొరకాలె, పదిమందిల కాలర్ పట్టుకుంట," అనేవాడు. ఆ మాట ఎప్పటినుంచి వింటున్నానో నాకే గుర్తులేదు. జర్మనీవాళ్లు చేసిన ఘోరం ముందు మా పెద్దబాపు కాలు ఎంత అంటే, నిజమే, ఏమంత కాదు. కానీ ఎవరింటి నొప్పి వాళ్లకు పెద్దది.

సకల జనుల సమ్మె వచ్చేనాటికి నేను టీచర్ని. బడులు మూతపడ్డాయి. పొద్దున్నే అందరం జనగామలో రోడ్డు పక్క టెంటులో రిలే నిరాహార దీక్షకు కూర్చునేవాళ్లం. పాటలు పాడి, నినాదాలిచ్చి, గొంతులు పోయాక ఇక ఏం తోచేది కాదు. కడుపులో ఆకలి ఒకటి. ఒకరోజు సంచిలోంచి నవల తీసి చదువుకుంటుంటే, పాలకుర్తి నుంచి ఆటోలో వచ్చే అంగన్‌వాడీ అక్క ఊరుకోలేదు.

"నువ్వొక్కదానివే చదువుకుంటె ఎట్ల? మాగ్గూడ వినిపియ్యి," అంది.

అంతే, రోజుకు రెండు అధ్యాయాలు. మైకు కూడా నా చేతికొచ్చింది. రెండో రోజుకల్లా నాజీ ఆఫీసరు మా వాళ్ల నోట్లో గడీల దొర మనిషైపోయాడు. జర్మనీ పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు కానీ, వాడెక్కడ దాక్కున్నాడో అందరికీ కావాలి. "టీచరమ్మా, గా ముదనష్టపోడు ఇంక దొరకలేదా? వాడు దొరికేదాంక నేను నిమ్మరసం తాగ," అని ఒక అవ్వ భీష్మించుకుంది. దీక్ష విరమింపజేయడానికి ఆమెకు కథ చివర ముందే చెప్పాల్సి వచ్చింది.

ఆ టెంటుకు ఒక పెద్దాయన వచ్చేవాడు. డెబ్బై దాటాయి. భూపాలపల్లి దిక్కు, కాటారం చుట్టుపక్కల దవాఖానల్లో కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక జనగామలో కూతురి దగ్గర ఉంటున్నాడు. అందరూ కాంపౌండర్ సాబ్ అనేవాళ్లం. నెమ్మదైన మనిషి. ఒకరోజు మాటల్లో, "అరవై తొమ్మిదిల నేను మానుకోటల్నే ఉన్న. అంత నా కండ్ల ముందట్నే జరిగింది," అన్నాడు. నేను అప్పుడు ఆయన చేతుల వంక చూశాను. ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉంది.

అచ్చం బాపు చెప్పినట్టే. ఇక ఆయన మీదే కన్ను. మర్నాడు నవలలో సాక్షి దాక్కున్నవాడిని గుర్తుపట్టే ఘట్టం దగ్గరకొచ్చాను. కాంపౌండర్ సాబ్ చెప్పులేసుకుని, ఎవరితో ఒక్క మాటా అనకుండా లేచిపోయాడు. ఆ మర్నాడూ అంతే, సరిగ్గా నడిమధ్యలో. మూడో రోజూ అంతే. ఇంకేం కావాలి? నవలలో వేటగాళ్లు ఇంతకన్నా తక్కువ ఆనవాలుకే విమానం ఎక్కి పోయేవాళ్లు!

నోరు ఊరుకోదు కదా. ఆ పూట బాపు అన్నం తింటుండగా చెప్పేశాను. ముద్ద కంచంలో వదిలేసి లేచాడు.

"ఇల్లెక్కడ?"

"ఆగు బాపూ. మనమనుకుంటే సాలదు. పెద్దబాపు చూసి గుర్తువట్టాలె," అన్నాను. నవలల్లో పద్ధతి అది. దసరాకు ఇంకా నాలుగు రోజులే ఉంది. పండుగకు రమ్మని పెద్దబాపుకు ఫోన్ చేశాం, ఎందుకో చెప్పలేదు. కాంపౌండర్ సాబ్‌ను కూడా జమ్మి పెట్టడానికి మా ఇంటికి రమ్మన్నాను. "ఎందుకు రాను బిడ్డా!" అని ఎంత సంతోషపడ్డాడో!

పండుగ ముందురోజు టెంటులో ఒక చెల్లె కళ్లు తిరిగి పడిపోయింది. కాంపౌండర్ సాబ్ ఆమె తల తన ఒళ్లో పెట్టుకుని, ఆ సగం వేలితోనే నాడి చూసి, "ఏం గాదు తల్లీ, ఏం గాదు," అంటూ చెంచాతో చక్కెర నీళ్లు పోశాడు. నాకు మొట్టమొదటిసారి భయమేసింది. ఈయన కాకపోతే? పదిమందిలో బాపు ఈయన కాలర్ పట్టుకుంటే ఈ ముసలాయన మళ్లీ ఈ ఊళ్లో తలెత్తుకుంటాడా? ఇంటికెళ్లి బాపును బతిమాలాను. "నువ్వే చెప్తివి, నువ్వే వద్దంటవు. ఆటనుకున్నవా?" అన్నాడు. ఆయన కోపమే నాకూ పుట్టుకతో వచ్చింది కాబట్టి అది ఎలాంటిదో నాకు తెలుసు. మాటతో ఆగదు.

దసరా నాడు పెద్దబాపు రైల్లో వచ్చాడు. సాయంత్రం జమ్మి కొట్టి వచ్చినవాళ్లతో మా వాకిలి నిండిపోయింది. జమ్మి ఆకును మేము బంగారం అంటాం. చేతిలో పెట్టి, గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకోవాలి, ఆనాడు పగవాడినైనా కాదనకూడదు. కాంపౌండర్ సాబ్ తెల్లటి లాల్చీ వేసుకుని వచ్చాడు. బాపు చొక్కా చేతులు మడుస్తున్నాడు. పెద్దబాపు చెవి దగ్గర వంగి, "గాయన వేలు చూడు," అన్నాను.

"ఏ వేలు?"

"నిన్ను పోలీసులకు చూపిచ్చిన మొండి వేలు!"

పెద్దబాపు నన్ను వింతగా చూశాడు. "నన్ను చూపిచ్చినోనికి వేళ్లన్ని సక్కగనే ఉండె. మొండి వేలోడు నీ పుస్తకంలోడు గదనే? ఇంటర్ల ఉన్నప్పుడు చదివి ఇంటిల్లిపాదికి చెప్పలేదా? గప్పటిసంది మీ నాయిన వాన్ని నా కథల అతికిచ్చుకున్నడు."

ఒక్క ఉదుటున బాపు ముందుకెళ్లి నిలబడ్డాను. "బాపూ, ఈయన గాదు. నా తప్పు. పెద్దబాపును అడుగు," అన్నాను. బాపు నన్ను చూశాడు, అన్నను చూశాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. మడిచిన చేతులు అలాగే ఉన్నాయి, కాంపౌండర్ సాబ్ వచ్చి ఆ చేతుల్లోనే బంగారం పెట్టి గట్టిగా కౌగిలించుకున్నాడు. బాపుకు ఏం చేయాలో తోచక ఆయన వీపు మీద తట్టాడు. అమ్మయ్య! నా పరీక్షల రిజల్టుకు కూడా నేను అంతగా తేలికపడలేదు.

"మీ కథ నడుమల్నే లేచిపోతున్న, ఏమనుకోకు బిడ్డా," అన్నాడు కాంపౌండర్ సాబ్ నాతో. "మా వాడకట్టుల ముగ్గురు ముసలమ్మలకు బువ్వకు ముందు షుగర్ సూది ఏసుడుంటది." వేలు చిట్యాలలో చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్లో పోయిందట. నేను ఆయన కాళ్లకు మొక్కి లేవలేకపోయాను. పండుగపూట ఏడుపేందని ఆయన కంగారుపడ్డాడు. ఎందుకో ఆయనకు ఈనాటికీ చెప్పలేదు.

వచ్చినవాళ్లంతా వెళ్లాక పెద్దబాపును అడిగాను. "మరి చూపిచ్చిందెవరు?"

"నాతోని ఒక్క రూముల ఉన్నోడే. తన్నులకు భయపడి చూపిచ్చిండు. ఆన్నే మానుకోటల్నే ఉండె. పోయి పదిహేనేండ్లాయె." కుడికాలు చాపుకుంటూ చెప్పాడు. "ప్రతి దసరాకు వానింటికి జమ్మి పట్టుకపోతుంటి. మొదటి యేడు తలుపు సాటుకు నిలవడ్డడు, బయటికి రాలే. ఇంకో యేడు తల వంచుకొని ఆకు తీసుకున్నడు. ఎన్నో యేడో యాదికి లేదు, అలాయ్ బలాయ్ తీసుకొని ఒక్కతీరు ఏడ్చిండు. నేనూ ఏడ్చిన. గాన్నే ఒడిసింది."

నా నవలల్లో అలాంటి చివరి పేజీ ఒక్కటీ లేదు. దొరికినవాడి చేతికి బేడీలే పడాలని ఇప్పటికీ కోరుకుంటాను, వేలమందిని చంపినవాడికి ఆకు చాలదు. కానీ పెద్దబాపు కథ ఎప్పుడో ముగిసిందని తెలిశాక నా గుండె మీది బండ దిగింది.

బాపు గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు. "నాకెందుకు చెప్పలే అన్నా? లారీ నడుపుకుంట దాబాలల్ల ఎంతమంది చేతులు చూసిన్నో ఎరికేనా నీకు?" అన్నాడు.

"చెప్తె వాన్ని సంపి జైల్ల కూసుందువు. పిల్లలు సిన్నగుండిరి," అన్నాడు పెద్దబాపు. "ఇగ చేతులు చూసుడు బంద్ వెట్టు. రైల్ల నిలవడి వచ్చిన, జర కాలు వత్తు."

బాపు కింద కూర్చున్నాడు. ఆ కాలిని ఆయన ముట్టుకోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.