గోడకు సున్నం, మావయ్యకు షీల్డు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఏ సంగతీ పూర్తిగా అర్థమయ్యేది కాదు. (ఇప్పుడు అర్థమవుతోందని కాదు, అర్థమైనట్టు తలూపడం వచ్చింది, అంతే.) కొత్త రాష్ట్రం వచ్చి రెండు మూడేళ్ళయింది. రాయపూర్‌లో ఎక్కడ చూసినా కొత్త బోర్డులు, కొత్త ఆఫీసులు, కొత్త కుర్చీలు. ఆ ఊపులోనే కొందరు పెద్దమనుషులు, చుట్టుపక్కల పాత కట్టడాలను బాగా కాపాడుకున్నవాళ్ళకు ఏటా పురస్కారాలివ్వాలని ఒక సమితి పెట్టారు. పండరీ బజారులో చీరల గోదాము పైన రెండు గదులు దాని ఆఫీసు. అంతవరకూ భన్‌పురిలో లారీ సరుకులకు బిల్టీలు, అంటే రవాణా రసీదులు, రాసుకుంటున్న నన్ను, హిందీ టైపు వచ్చునన్న ఒక్క కారణంతో అక్కడ గుమాస్తాగా పెట్టుకున్నారు. ఉద్యోగం దొరికిందన్న సంతోషంలో, ఆ ఉద్యోగం ఏమిటని అడగడం మరిచిపోయాను.

దరఖాస్తులు వచ్చిపడ్డాక తెలిసింది నా అయోమయం నా ఒక్కడిదే కాదని. తెలీబంధా నుంచి ఒకాయన, తాతగారి ఇల్లు పడగొట్టి అవే కొలతలతో కొత్తిల్లు కట్టాననీ, కనుక పాత ఇంటిని కాపాడినట్టేననీ రాశాడు. నాకది సబబుగానే తోచి, పైన ‘ఉత్తమం’ అని రాసి పంపాను. ఇంకొకాయన ఇంటిని కాపాడడం కోసం ముప్ఫై ఏళ్ళుగా తాళం తీయలేదట. దానికీ ‘ఉత్తమం’ అనే రాశాను. మా పై ఆయన, అందరూ బడేబాబు అని పిలిచేవారు, రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "అరే భాయీ, జో జైసా థా, వైసా హీ రహే. బస్. ఇత్నా హీ తో హై!" అన్నాడు. ఏది ఎలా ఉండేదో అలాగే ఉండాలి, అంతేనట. నేను తలూపాను. ఆ తలూపుడు వల్ల జరిగిందే ఈ కథంతా.

ఏది ఎలా ఉండేదో అలాగే ఉన్నది మా రైల్వే కాలనీలో ఒకటుంది. దాన్ని తెలుగోళ్ళ హాలు అంటారు. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళు పాత పట్టాలు దూలాలుగా వేసి, పాత స్లీపర్ చెక్కలతో తలుపులు చేసి కట్టుకున్న ఒంటి గది. క్వార్టర్ దొరికేవరకూ కొత్తగా వచ్చినవాడు అక్కడే పడుకోవాలి. పడుకునే ముందు, వ్యాగన్ల మీద నంబర్లు వేసే నల్లరంగుతో గోడ మీద తన పేరూ, ఊరి పేరూ రాయాలి. అదీ ఆచారం. అలా ఒక గోడ గోడంతా పేర్లే. మధ్యలో మా తాతయ్య పేరు, అంటే మా అమ్మ తండ్రి పేరు, కాస్త ఏటవాలుగా ఉండేది. దాని కింద నా పేరు కూడా ఉండేది. తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ తోడబుట్టిన ఫిట్టర్ మావయ్య రంగు డబ్బా దొంగిలించి, పేరు దగ్గర నా పేరూ, ఊరు దగ్గర ‘రాయపూర్’ అనీ ఇంతేసి అక్షరాలతో రాశాను. మావయ్య నా చెవి మెలేసి, "వచ్చినోలు రాయాలిరా ఇక్కడ. నువ్వెక్కడ నుంచొచ్చినావు, ఆస్పత్రి నుంచా?" అన్నాడు. చెవి రెండు రోజులు ఎర్రగానే ఉంది.

ఆ ఏడాది హాలు తలుపుకి ఒక నోటీసు అంటించారు. పాడుబడిన కట్టడం కాబట్టి తీసేసి, ఆ చోట సైకిల్ స్టాండు కడతారట. అప్పటికి మావయ్య రిటైరై, హాలు తాళాలు నడుముకి కట్టుకుని తిరుగుతున్నాడు. నోటీసు చదివిన నాటి నుంచి ఆయనకి అన్నం సయించలేదు. "మా నాన్న పేరున్న గోడరా అది. సైకిళ్ళు పెడతారా దాని మీద?" అంటుండేవాడు. పురస్కారమొస్తే ఎవరూ హాలు జోలికి రారు కదా అని నాకు తట్టింది. ఆ వారమే దరఖాస్తు రాసి, గోడ గురించి రెండు పేజీలు నింపి, దొంతరలో అందరికన్నా పైన పెట్టాను. (దీన్ని పక్షపాతమంటారని అప్పుడు తెలియదు. తెలిసినా పెట్టేవాణ్ణి.)

చిక్కల్లా ఫారం చివరి గడితో వచ్చింది. ‘కట్టడం మీద ఈమధ్యవాళ్ళ పిచ్చిరాతలు ఉన్నాయా?’ అని ఉంది. గోడ మీద నా పేరు గుర్తొచ్చింది. తిన్నగా మావయ్య దగ్గరికి వెళ్ళి, "గురువారం ఇన్‌స్పెక్షన్ మావయ్యా. బీరువా, బల్లలు అన్నీ గోడ నుంచి జరిపించాలి. నా రాత ఒక్కటీ కొంచెం కనబడకుండా చూడు" అన్నాను. "బీరువా కూడానా?" అన్నాడు మావయ్య. అవునన్నాను. ఆయన మీసం దువ్వుకుంటూ, "అలాగేలే. నువ్వు ఫికర్ సెయ్యకు" అన్నాడు. నేను ఫికర్ చెయ్యలేదు.

గురువారం పొద్దున సమితి నుంచి పెద్ద కళ్ళజోడు మేడమ్ (పాత గోడల గురించి ఆమెకి తెలియనిది లేదంటారు), బడేబాబు, నేను జీపులో దిగాం. దిగుతూనే నాకు ఊరు మారిపోయిందా అనిపించింది. హాలు ముందున్న వేపచెట్టుకి నడుము దాకా తెల్ల సున్నం, పైన ఎర్ర జేగురు పట్టీ. దారికి రెండు పక్కలా రాళ్ళు, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. రైల్వేలో పెద్ద అధికారి తనిఖీకి వస్తే ఎలా ముస్తాబు చేస్తారో అచ్చం అలాగే. వాకిట్లో మావయ్య ఇస్త్రీ ఖాకీ చొక్కాతో సెల్యూట్ కొట్టాడు. లోపల అడుగు పెట్టాను. నీలిమందు కలిపిన సున్నం, రెండు పూతలు, నాలుగు గోడలూ పాలనురుగులా ఉన్నాయి. ఒక్క పేరు లేదు.

"దీవార్ కహాఁ హై?" అన్నారు మేడమ్. గోడ ఎదురుగానే ఉంది, ఏం చెప్పను? బడేబాబు నా వైపు చూశాడు. నేను మావయ్య వైపు చూశాను. "ఇదేటి మావయ్యా?" అంటే ఆయన నొచ్చుకున్నాడు. "ఇన్‌స్పెక్షన్ అన్నావా లేదా? నలభయ్యేళ్ళ సర్వీసురా నాది. ఇన్‌స్పెక్షన్‌కి ఎవడైనా ముక్కకి సున్నమేస్తాడా? ఏస్తే ఫుల్ ఎయ్యాల. మన ఇజ్జత్ ఏటైపోద్ది?" అన్నాడు. ఏది ఎలా ఉండేదో అలాగే ఉండాలని నేను వివరించాను. వింటున్నకొద్దీ ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. గుమ్మంలో కూలబడి, "అంటే నాన్న పేరు నానే తుడిసేసినానా?" అన్నాడు. ఆయన అలా చిన్నపిల్లాడిలా అడగడం అంతకుముందెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదని తెలిసి మరీ వచ్చింది.

చూడ్డానికి చేరిన కాలనీవాళ్ళలో ఆ సమయంలో కదిలింది సూది ఆంటీ ఒక్కరే. రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఏలూరావిడ. కాలనీలో ఆవిడ సూది పొడవని పిల్లాడు లేడు. "ఏంటండీ ఫిట్టర్ గారూ, శవం లేచినట్టు ఆ ఏడుపు! సున్నం తడిస్తే కిందది కనబడుద్దండీ. పానీ కొట్టండి!" అంటూ మగ్గుతో నీళ్ళు తీసుకుని గోడకేసి ఒక్క విసురు విసిరింది. నీళ్ళు జారిన చోట సున్నం పల్చబడి, లోపలినుంచి నల్లటి అక్షరాలు మెల్లగా పైకి తేలాయి. "ప్రభువా!" అంది ఆంటీయే బెదిరిపోయి. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని గోడకి ముక్కు ఆనించారు. "క్యా లిఖా హై?" అని నన్ను అడిగారు. అంత గోడలోనూ ఆంటీ మగ్గు సరిగ్గా నా పిచ్చిరాత మీదే పడింది. అన్నిటికన్నా పెద్ద అక్షరాలు కూడా అవే.

చదివాను. పేరు, ఊరు రాయపూర్. "రాయ్‌పుర్ సే రాయ్‌పుర్ ఆయా? కౌన్ థా యే?" అన్నారామె, రాయపూర్ నుంచి రాయపూర్‌కే వచ్చిన ఈ ఘనుడెవరని. అబద్ధం చెబుదామని నోరు తెరిస్తే నిజమే వచ్చింది. "మైఁ హూఁ, మేడమ్." బడేబాబు కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ మాత్రం మగ్గు తీసుకుని తనే నీళ్ళు చల్లడం మొదలుపెట్టారు. ఒక పేరు తేలేది, నేను చదివేవాణ్ణి, అది ఆరి మాయమయ్యేలోగా ఇంకొకటి తేలేది. తాతయ్య పేరు వచ్చినప్పుడు మావయ్య లేచి నిలబడ్డాడు. అది పూర్తిగా ఆరేదాకా కూర్చోలేదు.

నెలరోజులకి ఉత్తరం వచ్చింది. మా హాలుకి ప్రోత్సాహక పురస్కారం, ‘సంప్రదాయ సున్నపు పనిలో నైపుణ్యానికి’. నాలుగుసార్లు చదివాను, నేనే టైపు చేసిన ఉత్తరమైనా సరే. కింది పొరను చెరపకుండా అంత పల్చగా, సమంగా సున్నం వేసినందుకట. అది మేడమ్ మెచ్చుకోలో, జాలో, మా అందరి మీదా చిన్న వేళాకోళమో నాకు ఈ రోజుకీ తెలియదు. వేదిక మీద చెక్క షీల్డు అందుకుని దిగిన మావయ్య నా చెవిలో, "దేనికిచ్చినార్రా?" అన్నాడు. "సున్నానికి." "గోడకి కాదా?" "సున్నానికే మావయ్యా." షీల్డు అటూ ఇటూ తిప్పి చూసి, "మరి నాన్నకి?" అన్నాడు. సైకిల్ స్టాండు మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మావయ్య పోయి నాలుగేళ్ళయింది. తాళాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. సున్నం గీకితే కిందివి కూడా ఊడిపోతాయని ఎవరూ ముట్టుకోలేదు. తాతయ్యను చూడాలనిపిస్తే ఒక మగ్గు నీళ్ళు పోస్తాను. మొన్న వానలకి బీరువా కాళ్ళు చీకిపోతే దాన్ని బయట పడేయించాను. దాని వెనక గోడ తుడుద్దామని నీళ్ళు కొట్టాను. నేలకి మూరెడు ఎత్తులో, నాకెప్పుడూ తెలియని ఒక వరస పైకి తేలింది. వంకరటింకర అక్షరాలు, రంగు కారిపోయి ఉంది. మావయ్య పేరు. ఊరు: రాయపూర్.

ముక్కకి సున్నమేస్తే ఇజ్జత్ పోద్దన్న పెద్దమనిషి, "బీరువా కూడానా?" అని మీసం దువ్వుకున్న పెద్దమనిషి! ఒక్కణ్ణే నేల మీద చతికిలబడి, ఆ రోజు మెలేసిన చెవి తడుముకుంటూ నవ్వాను. నవ్వుతుండగానే అక్షరాలు ఆరిపోసాగాయి. గబగబా లేచి ఇంకో మగ్గు పోశాను.