కళాయి లేని గుండిగ

నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి వేసవిలో నేను అక్కడ ఆహార భద్రతా అధికారిగా పనిచేస్తున్నాను. పదవీ విరమణకు కొన్ని నెలలే మిగిలాయి. పూర్వం మమ్మల్ని ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు అనేవారు. చట్టం మారాక పేరు మారింది. తనిఖీ చేయడం, అనుమానం ఉన్న పదార్థం నమూనా తీసి ప్రయోగశాలకు పంపడం మా పని. తీర్పు చెప్పడం మా పని కాదు. ఈ సంగతి అధికారుల్లోనే కొందరు మరిచిపోతుంటారు.

ఒక సోమవారం పొద్దున పై అధికారి ఫోన్ చేశారు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, ఒక కొత్త హోటల్లో ముందురోజు సాయంత్రం పద్దెనిమిది మంది విందు చేశారు. అందరూ ఒకప్పుడు నంద్యాలలో కలిసి చదువుకున్నవాళ్లు. వారిలో ఏడుగురు వాంతులతో ఆళ్లగడ్డ ఆస్పత్రిలో చేరారు.

ఆ హోటల్ పేరు అప్పటికే నలుగురి నోళ్లలో నానుతోంది. బెంగళూరులో ఉద్యోగం మానుకుని వచ్చిన చైతన్య అనే యువకుడు దాన్ని పెట్టాడు. పొలం నుంచి నేరుగా పళ్లెంలోకి అన్నది అతని నినాదం. ఏ కూర ఎవరి చేలో పండిందో గుమ్మం దగ్గర నల్లబోర్డు మీద రైతు పేరుతో సహా రాసేవాడు. మంచి పద్ధతే. ఆ ఆదివారం తోటకూర పక్కన రుద్రవరం మార్తమ్మ అని రాసి ఉందట. నేను వెళ్లేసరికి ఆ పేరు తడిగుడ్డతో తుడిచేసి ఉంది.

అప్పటికే రెండు తీర్పులు వెలువడ్డాయి. స్వామి దారిలో మాంసం వండారు కాబట్టి నరసింహుడు ఆగ్రహించాడన్నది మొదటిది. తోటకూరకు పురుగుమందు కొట్టారన్నది రెండోది. మొదటి కేసులో ముద్దాయిని పిలిపించడం ఎవరి తరమూ కాదు. రెండో కేసులో ముద్దాయి పేరు బోర్డు మీదే ఉంది. అందుకని జనం రెండోదానికి స్థిరపడ్డారు.

మార్తమ్మ గేటు బయట గంప దించుకుని నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. అరెకరం తోటలో ఆకుకూరలు వేసి, సగం ఈ హోటల్‌కూ సగం ఆళ్లగడ్డ మార్కెట్‌కూ ఇస్తుంది. మందు కొట్టావా అని అడిగాను.

"నా మనవరాలు తినే కూర సార్ అది. దానికి మందు కొడతానా? పొద్దున మార్కెట్లో నా గంప పక్కకు ఎవురూ రాలే. మందు మార్తమ్మ అంటాండారు. రేపట్నుంచి నేను యాడ అమ్ముకోవాల?"

చైతన్య నన్ను పక్కకు పిలిచాడు. "రిపోర్టులో ఆకుకూర వల్లనే అని రాసేస్తే అయిపోతాది గదా సార్. మాది కొత్త హోటలు. ఆమెకు పోయేదేముంది?"

ఆమెకు ఉన్నదంతా పోతుందని చెప్పి, ఆస్పత్రికి వెళ్లాను.

ఇలాంటి కేసులో మేము ఒక పట్టిక గీస్తాం. నిలువు వరుసలో మనుషుల పేర్లు, అడ్డంగా వంటకాలు. ఎవరు ఏది తిన్నారో అడిగి గుర్తు పెడతాం. అందరికంటే ఎక్కువ వాంతులు చేసుకున్న ఓబులేసు అనే రిటైర్డు బస్సు డ్రైవరుతో మొదలుపెట్టాను. తోటకూర ఎంత తిన్నారని అడిగాను.

"ఆకులు నమిలేదానికి అంతదూరం పోతానా సార్? పొట్టేలు కూర, సంగటి, రెండు చెంబులు మజ్జిగ. అంతే. మా ఇంట్లోది కూడా నాకు తోటకూర పెట్టే ధైర్యం చేయలేదు ఇంతవరకు."

మార్తమ్మ మీద పడ్డ నేరం అక్కడే సగం కూలింది. మిగతా సగం కోసం, బాగున్న పదకొండు మందినీ వెతికి అడిగాను. "బాగుండేవాళ్లను అడిగేదేంది సార్?" అని చైతన్య ఫోన్లో విసుక్కున్నాడు. ఆ పదకొండు మందీ తోటకూర తిన్నారు. కిరాణా కొట్టు సుబ్బయ్యశెట్టి మూడుసార్లు వడ్డించుకున్నాడు. వాళ్లలో ఒక్కరూ మజ్జిగ తాగలేదు. ఆస్పత్రిలోని ఏడుగురూ తాగారు. తాగిన అరగంటలోపే వాంతులు మొదలయ్యాయి.

"నేనూ నోట్లో పోసుకున్నా సార్," అన్నాడు శెట్టి. "కాసు చప్పరించినట్టు ఉండె. ఉమ్మేసినా. మర్యాద గాదని ఎవురికీ చెప్పలే."

హోటల్‌కు తిరిగివచ్చి మజ్జిగ గుండిగ చూపమన్నాను. హడావుడిలో ఎవరూ దాన్ని కడగలేదు. పెద్ద రాగి గుండిగ, లోపల కూడా ఎర్రగా మెరుస్తోంది. అడుగున మిగిలిన మజ్జిగ నీలిపచ్చగా ఉంది. అంచున చిలుము కట్టింది. ఇందులో కళాయి ఏమయిందని చైతన్యను అడిగాను.

"లోపలంతా తెల్లగా, మచ్చలు మచ్చలుగా ఉండె సార్. మిషన్‌తో పాలిష్ కొట్టించినా. ఫోటోల్లో మెరవాల గదా. మన పెద్దోళ్లు రాగిలోనే గదా తిన్నింది?"

పెద్దలు రాగిలో వండుకున్న మాట నిజమే. పులుపు తగిలితే రాగి కరిగి విషమవుతుందని వాళ్లకు తెలుసు కాబట్టి లోపల తగరం పూత పూయించుకున్నారు. ఆ పూతే కళాయి. అది అరిగిపోతే మళ్లీ వేయించుకునేవారు. ఈ తరం ఆ పెద్దల గుండిగను నెత్తిన పెట్టుకుని, వాళ్ల తెలివిని మాత్రం గీకి పారేసింది. పూర్వీకుల మీద భక్తి ఉంటే సరిపోదు, వాళ్లు ఏది ఎందుకు చేశారో అడగాలి. అడగని భక్తికి నేను పెట్టే పేరు మూఢనమ్మకం. అది బెంగళూరు నుంచి వచ్చినా సరే. పులిసిన మజ్జిగ మధ్యాహ్నం నుంచి ఆ రాగిలోనే ఉంది.

మజ్జిగనూ తోటకూరనూ విడివిడిగా, చట్టం చెప్పినట్టు నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, సాక్షుల సంతకాలు తీసుకుని పంపాను. రెండు వారాలకు నివేదిక వచ్చింది. తోటకూరలో ఏ మందూ లేదు. మజ్జిగలో రాగి హద్దు దాటి ఉంది. చైతన్యకు దిద్దుబాటు నోటీసు ఇచ్చాం: పాత్రలన్నిటికీ కళాయి వేయించి చూపించేదాకా వంట చేయకూడదు.

నివేదిక ఫైల్లో పెట్టి ఊరుకుంటే మార్తమ్మకు ఒరిగేదేమీ లేదు. పై అధికారి అనుమతి తీసుకుని, ఆళ్లగడ్డ మార్కెట్లో కూరగాయల వరుస మధ్య నిలబడి దాన్ని తెలుగులో చదివాను. చదవడం పూర్తికాకముందే ఒకామె ముందుకు వచ్చి మార్తమ్మ గంపలోంచి నాలుగు కట్టలు తీసుకుంది. పదిన్నరకల్లా గంప ఖాళీ అయింది.

హోటల్ తిరిగి తెరిచినప్పుడు చైతన్య ఆమె ఇంటికి పోయి, బోర్డు మీద అందరికంటే పైన పేరు రాస్తానన్నాడు. ఆమె నవ్విందట.

"నా పేరు రాసేది నీ చేతిలో ఉండె, తుడిచేది నీ చేతిలోనే ఉండె. ఇన్నాళ్లూ వెనకవాకిట్లో గంప దించి పోతి. ఒక్కనాడన్నా లోపలికి రమ్మంటివా అప్పా? ఆ పద్దెనిమిది మందినీ మళ్లీ పిలువు. వాళ్ల బంతిలో కూర్చుంటా. అప్పుడిస్తా కూర."

పద్దెనిమిది మందీ వచ్చారు. మార్తమ్మ ముందువాకిట్లోంచి నడిచి వచ్చి, ఓబులేసుకూ శెట్టికీ మధ్య కూర్చుంది. చైతన్యే వడ్డించాడు. సెలవు పెట్టి వెళ్లిన నేను ఎదురు బంతిలో ఉన్నాను. ఓబులేసు పళ్లెంలో తోటకూర పడగానే బంతి బంతంతా అతని వైపు తిరిగింది.

"తిను నాయనా," అంది మార్తమ్మ. "చావవు. రిపోర్టు ఉంది."

అతను తిన్నాడు, మళ్లీ అడిగి వేయించుకున్నాడు. ఇంట్లో చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

ఆ తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చిన కొత్త అధికారులకు ఈ కేసుతోనే పాఠం మొదలుపెట్టాను. జబ్బుపడినవాళ్లతో విచారణ ముగించకండి, తిని బాగున్నవాళ్లనూ అడగండి. పట్టిక పూర్తయ్యేదాకా ఎవరి పేరూ పలకకండి. ఒకసారి పలికితే దాన్ని వెనక్కి తీసుకోవడానికి ప్రయోగశాల ఒక్కటే చాలదు, సంతకు వెళ్లి నిలబడి చదవాల్సి వస్తుంది.