పాలసీసా కింద రివాల్వర్

2012 ఏప్రిల్ 15, ఆదివారం. శంషాబాద్ దగ్గర, బెంగళూరు హైవే పక్కనున్న ఒక హోటల్లో మొదటి అంతస్తున క్లబ్ ఉండేది. దాని గుమ్మం దగ్గర నా డ్యూటీ. హోటల్ పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

అప్పటికి నాకు అరవై నిండాయి. పోలీసు శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి 2009 జూన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే కాళ్లు ఊరుకోలేదు. ఒక సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు, ఆడవాళ్లను తనిఖీ చేసే పని ఉంది, వస్తారా అని అడిగారు. వెళ్లాను.

ఈ పని గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. క్లబ్‌లోకి వచ్చే ప్రతి మనిషీ డోర్ ఫ్రేమ్ డిటెక్టర్ దాటి రావాలి. లోహం ఏదైనా ఉంటే కూసే చట్రం అది. దాని తర్వాత ఫ్రిస్కింగ్, అంటే చేత్తో ఒళ్లు తడిమి చూడటం. మగవాళ్లను యాదగిరి చూసేవాడు. సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చిన మనిషి. ఆడవాళ్లకు కర్టెన్ కట్టిన చిన్న క్యాబిన్ ఉండేది, అందులో నేను. చేతిసంచి పైపైన చూసి వదలడం నాకు చేతకాదు. అడుగుదాకా తీసి చూసేదాన్ని. "పెళ్లిచూపులకు కూడా ఇంత చూడలేదు ఆంటీ" అని నవ్వేవాళ్లు. నవ్వుకోనిచ్చేదాన్ని.

నైట్‌క్లబ్ అంటే అంతా రాత్రి వ్యవహారమనుకుంటారు. మా దగ్గర ఆదివారం మధ్యాహ్నాలు హాలును బర్త్‌డే పార్టీలకు ఇచ్చేవాళ్లు. డీజే ఉంటాడు, మందు ఉంటుంది, పక్క టేబుల్ మీద పిల్లలకు ఐస్‌క్రీమ్ ఉంటుంది. విమానాశ్రయం వచ్చాక చుట్టుపక్కల భూముల ధర పెరిగింది, దానితోపాటు తుపాకీ లైసెన్సుల మీద మోజూ పెరిగింది. నడుముకు రివాల్వర్ ఉంటే నలుగురూ లేచి నిలబడతారని ఒక నమ్మకం. అలాంటివాళ్ల కోసం మా దగ్గర వెపన్ లాకర్ ఉండేది. లైసెన్సు చూపించి, తూటాలు తీసేసి ఇస్తే లోపల పెట్టి తాళం వేస్తాం. వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తాం.

ఆ రోజు పార్టీ మహేందర్ అనే ప్లాట్ల వ్యాపారిది, ముప్పై ఐదో పుట్టినరోజు. హోటల్ గేటు పక్కన అతని ఫ్లెక్సీ కట్టారు. మూడున్నర ప్రాంతంలో జనం రావడం మొదలైంది. మహేందర్ తెల్ల చొక్కా వేసుకుని, చేతులు రెండూ పైకెత్తి యాదగిరి ముందు నిలబడ్డాడు.

"చూస్కో అన్నా, మంచిగ చూస్కో. గన్ను గిన్ను ఏం లేదు. బర్త్‌డే పూట ఎందుకని పక్కకు పెట్టిన" అన్నాడు నవ్వుతూ.

నిజంగానే ఏమీ లేదు. వెనకాలే అతని పెద్దనాన్న కొడుకు శ్రీశైలం వచ్చాడు. అతని దగ్గరా ఏమీ లేదు. కానీ మొహం ముడుచుకుని ఉంది. "ఫ్లెక్సీల నా ఫొటో చూసినవా యాదగిరన్నా? పాస్‌పోర్టు సైజు వేయించిండు నాది. డ్రైవర్ పక్కన వేయించిండు" అన్నాడు. యాదగిరి నవ్వి ఊరుకున్నాడు. ఒక ఫొటో మీద ఇంత కోపమేమిటని నేనూ నవ్వుకున్నాను.

ఆ తర్వాత మహేందర్ భార్య స్వరూప క్యాబిన్‌లోకి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఏడాది కూతురిని అత్త చంకకు ఇచ్చి, పిల్ల సంచి భుజాన వేసుకుని వచ్చింది. చట్రం కూసింది, కానీ నగలున్న ఆడవాళ్లందరికీ అది కూస్తుంది. సంచి తీసుకుంటుంటే పట్టీ ఒక క్షణం వదల్లేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. పిల్ల గౌన్లు రెండు, పాలసీసా, డైపర్లు. వాటి కింద ఉయ్యాల గుడ్డలో చుట్టిన బరువైన వస్తువు. విప్పాను. పాయింట్ త్రీ టూ రివాల్వర్.

సర్వీసులో ఎన్నో ఆయుధాలు చూశాను. పాలసీసా పక్కన చూడలేదు.

"ఇది ఎవరిదమ్మా?"

"మా ఆయనది."

"నీ చేత లోపలికి పంపిస్తున్నాడా? పిల్ల సంచి ఎవరూ వెతకరనుకున్నాడా?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "జర మెల్లగ మాట్లాడుండ్రి అమ్మా. ఆయనకు తెల్వదు. కారు డ్యాష్‌బోర్డుల ఉండె. ఆయన గేటుకాడ దిగి దోస్తులతోని మాట్లాడుతుంటే నేనే తీసిన."

"ఎందుకు?"

"పోయిన నెల షాద్‌నగర్‌ల మా మరిది పెండ్లికి పోయినం. పాట మార్చమన్నరని లొల్లి. ఈయన కారుకాడికి ఉరికి గన్ను తెచ్చి ఒకాయన కణతకు పెట్టిండు. గుంజుకునేసరికి అందరి పానాలు పోయినంత పనైంది. ఇయ్యాల శ్రీశైలం బావ పొద్దటి నుంచి ఫ్లెక్సీ ఫ్లెక్సీ అని గునుస్తున్నడు. తాగినంక ఏమైతదో నాకు ఎర్కలేదా?"

"కారులో ఉంటే తాగినవాడికి అందుతుందని నీ సంచిలో పెట్టుకున్నావా?"

"ఇంకేడ పెట్టాలె అమ్మా?"

మా నిబంధన ప్రకారం లైసెన్సున్న మనిషి తెస్తే లాకర్. లైసెన్సు లేని మనిషి దగ్గర దొరికితే పోలీసులకు ఫోను. లైసెన్సు భర్తది, దొరికింది భార్య దగ్గర. ఇంకొకరి ఆయుధం పట్టుకుని తిరగడం ఆమె మీద కేసు పెట్టదగిన నేరమే. అంటే ఫోను చేస్తే మొదట స్టేషనుకు వెళ్లేది ఈ పిల్ల.

యాదగిరిని పిలిచాను. అతను కర్టెన్ పక్కన నిలబడి సిలిండర్ తెరిచాడు. ఆరుకు ఆరూ నిండి ఉన్నాయి. "దేవుడా, పసిపిల్ల సంచిలనా!" అన్నాడు. తూటాలు వేరు, రివాల్వర్ వేరుగా లాకర్లో పెట్టాం. మేనేజర్‌కు చెప్పాను. ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "మేడమ్, పెద్ద కస్టమర్. పార్టీ చెడగొట్టకండి. పోలీసులూ గీలీసులూ వద్దు. వెళ్లేటప్పుడు ఆయన చేతికే ఇచ్చేద్దాం."

స్వరూప ఆ మాట వింది. "పోయేటప్పుడు తాగి ఉంటడు గద సార్" అంది. మేనేజర్ అప్పటికే ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె సంచి సర్దుకుని, పమిట సవరించుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని లోపలికి వెళ్లింది.

కేకు కోశారు. ఐదు దాటాక లోపల పాట ఆగిపోయింది. పాట మధ్యలో ఆగితే గొడవే. మా పనిలో అది మొదట నేర్చుకునే సంగతి. యాదగిరి లోపలికి పరిగెత్తాడు. అంతలోనే మహేందర్, శ్రీశైలం ఒకరి కాలరు ఒకరు పట్టుకుని బయటికొచ్చారు, వాళ్ల వెనక ఇరవై మంది.

"నేను చిన్నోన్నారా? నా భూమి లేకుంటే నీ వెంచర్ ఏడిది రా? డ్రైవర్ పక్కన పెడతవా నన్ను?" అని శ్రీశైలం.

"నీ మొఖానికి గదే ఎక్కువ" అని మహేందర్.

యాదగిరి మధ్యలో దూరి విడదీశాడు. ఇద్దరూ మెట్లు దిగారు. ఇగ ఇళ్లకు పోతారనుకున్నాం. నేను మెట్ల పక్క కిటికీలోంచి చూస్తున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు, పార్కింగ్ అంతా స్పష్టంగా కనిపిస్తోంది. మహేందర్ తన కారు తలుపు తెరిచి డ్యాష్‌బోర్డు వెతుకుతున్నాడు. సీటు కింద వెతికాడు. కాగితాలన్నీ కింద పారేశాడు. స్వరూప చేసిన పని ఫలించిందని నా మనసు తేలికపడింది.

అప్పుడు చూశాను. నాలుగు కార్లకు అవతల శ్రీశైలం కూడా తన కారు తలుపు తెరిచాడు. అతనికి వెతుక్కునే పని లేదు.

రెండుసార్లు పేలింది. ట్యూబ్‌లైట్ నేలకేసి కొట్టినట్టు ఉంది చప్పుడు. ఒకటి కారు అద్దానికి, ఒకటి మహేందర్ తొడకు. తెల్ల ప్యాంటు చూస్తుండగానే ఎర్రబడింది. కాల్చినవాడు పారిపోలేదు. తుపాకీ చేత్తో పట్టుకుని, అది పేలుతుందని తనకు తెలియనట్టు దానివైపే చూస్తూ నిలబడ్డాడు. యాదగిరి వెళ్లి తీసుకుంటే చిన్నపిల్లవాడిలా ఇచ్చేశాడు. తర్వాత యాదగిరి తన బెల్టు తీసి మహేందర్ తొడకు బిగించాడు. ఆ బెల్టే ప్రాణం నిలబెట్టిందని డాక్టర్ తర్వాత అన్నాడు.

మా గుమ్మం ముందు ఆ రోజు ఒక్క తుపాకీ కూడా తనిఖీ తప్పించుకుని లోపలికి పోలేదు. అయినా కాల్పులు జరిగాయి.

దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. అక్కడ వరండాలో ఇంకో దెబ్బ స్వరూపకు. గన్ను తానే తీశానని అత్తతో చెప్పేసింది. ఆ ముసలామె గుండెలు బాదుకుంది. "నా కొడుకును ఒట్టి చేతులతోని పంపినవ్ గదనే! చేతిల గన్నుంటే నా బిడ్డ గిట్ల పడుండునా? నీ చేతులు పడిపోను!" చుట్టూ ఉన్న చుట్టాలంతా తలలూపారు. స్వరూప పిల్లను ఎత్తుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

మరునాడు, సోమవారం ఉదయం, ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలాలు తీసుకోవడానికి వార్డుకు వచ్చాడు. నన్నూ పిలిపించారు. రాత్రికి రాత్రి ఎవరో తెలివైనవాళ్లు మహేందర్‌కు విషయం చెప్పినట్టున్నారు: నిరాయుధుడి మీద కాల్పులంటే కేసు గట్టిగా ఉంటుంది, నీ లైసెన్సుకూ ఢోకా ఉండదు. కాలికి కట్టుతో దిండ్లకు ఆనుకుని ఉన్నాడు.

"నా రివాల్వర్ సెక్యూరిటీకి నేనే అప్పజెప్పిన సార్. రూల్ రూలే గద" అన్నాడు.

నిన్న గుండెలు బాదుకున్న తల్లి ఇప్పుడు, "నా కొడుకు రూలు తప్పడు సార్, చిన్నప్పటి సంది గంతే" అంది.

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "మీరు డిపార్ట్‌మెంట్ మనిషి. మీకు చెప్పక్కర్లేదు. లాకర్లో పెట్టిన ఆ రివాల్వర్ ఎవరిచ్చారమ్మా మీకు?"

సర్వీసులో ఎన్నో వాంగ్మూలాలు రాశాను, ఇచ్చాను. నిజం చెప్పడానికి నేను వెనకాడింది ఆ ఒక్కసారే. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆ మంచం పక్కన నిలబడ్డ స్వరూప ముద్దాయి అవుతుంది. మహేందర్ మాటకు అవునంటే అందరూ బాగుంటారు.

నేను నోరు తెరిచేలోపే స్వరూప అంది: "ఆయన ఇయ్యలే సార్. ఆయన కారుల పెట్టి తాళమెయ్యకుంట పోయిండు. నేను తీసి సంచిల పెట్టుకున్న. ఈ అమ్మ పట్టుకున్నది."

"నీకేమన్న పిచ్చా?" అన్నాడు మహేందర్.

ఇన్‌స్పెక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. మంచివాడే. "ఏందమ్మా, ఆలోచించి చెప్పు. గట్ల రాస్తే నీ మీద కూడ కేసైతది. మీ ఆయన చెప్పినట్టు రాసుకుంటే నీకే లొల్లి లేదు."

"ఆయన చెప్పినట్టు రాస్తే లైసెన్సు ఉంటదా సార్?"

"ఉంటది."

"గన్ను మళ్ల ఇంటికొస్తదా?"

"కోర్టు అయినంక... వస్తది."

"అయితే నేను చెప్పినట్టే రాయుండ్రి. దిండు కింద పెట్టుకుని పంటడు సార్. నా బిడ్డకు కొత్తగ నడకొచ్చింది. ఏది దొరికితే అది గుంజుతున్నది. నా మీద కేసు కానియ్యుండ్రి."

అత్త తిడుతోంది. మహేందర్ ఆపమని అరుస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ నన్ను చూశాడు. "ఆమె చెప్పిందే నిజం" అన్నాను. ఈసారి వెనకాడలేదు.

శ్రీశైలం జైలుకు వెళ్లాడు. ఆయుధాన్ని జాగ్రత్త చేయనందుకు మహేందర్ లైసెన్సు రద్దయింది. స్వరూప మీద కేసు ఏడాదిన్నర నడిచింది. నేను రెండుసార్లు సాక్షిగా వెళ్లాను. 2013 అక్టోబర్‌లో కోర్టు ఆమెను మందలించి, జరిమానా వేసి పంపింది. ఆ కాలమంతా ఆమె పుట్టింట్లో, మైలార్‌దేవ్‌పల్లిలో ఉంది. తర్వాత భర్త వచ్చి తీసుకెళ్లాడని విన్నాను. ఇప్పుడు ఎలా ఉందో తెలియదు. బాగుందని రాస్తే అది నా ఊహే అవుతుంది.

ఆ కాల్పుల తర్వాత, మేం పార్కింగ్‌లోనే కార్ల దగ్గర ఆయుధాల గురించి అడగాలని పట్టుబట్టాను. కస్టమర్లు చిన్నబుచ్చుకుంటారని మేనేజర్ రెండు నెలలు నానబెట్టి చివరికి ఒప్పుకున్నాడు. నేను 2014 మార్చి వరకు అక్కడే పనిచేశాను.

ఆయుధం గుమ్మం దాటకుండా ఆపితే నా పని అయిపోయినట్టేనని అన్నాళ్లూ అనుకున్నాను. ఆపిన ఆయుధం ఎక్కడికో ఒక చోటికి తిరిగి పోతుందని, ఆ చోట ఎవరో నిద్రపోతుంటారని, ఎవరో కొత్తగా నడుస్తుంటారని నాకు తట్టలేదు. ఆ లెక్క వేసింది ఆ పార్టీ మొత్తానికి ఇరవై ఆరేళ్ల ఆ పిల్ల ఒక్కతే. అందుకు కట్టాల్సిందంతా తనే కట్టుకుంది.