మిగిలిన చుట్టు

ఇవాళ సైబర్‌జయ నగరంలో ఓ పాత బైకు వెనక కాలిన ఆయిల్ వాసన రాగానే, సుంగై సిపుట్ ఊరి మట్టి ట్రాకు మీద మా మామయ్య నడిపిన చిన్న రేసు కారు గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. మిగతా కార్లన్నీ ఆగిపోయాయి. మామయ్య ఒక్కడే ఎర్రదుమ్ము రేపుకుంటూ ఇంకో చుట్టు తిరిగాడు. గెలిచినవాడికే అలా ట్రాకంతా వదిలేస్తారనుకుని, చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

మామయ్య హెల్మెట్ తీసి, "ఏటమ్మా ఆ సప్పట్లు? నేను ఆకరోడ్ని. నా సుట్టు ఒకటి ఉండిపోనాది, తిరిగొచ్చినాను," అన్నాడు.

నేను నమ్మలేదు. మర్నాడు బడిలో మామయ్యే ఫస్టని చెప్పేశాను.

ఆ తర్వాత ఆయన పదేళ్లు నడిపాడు. ఒక్కసారీ గెలవలేదు. రేసు ముగింపు జెండా ఊపేశాక జనం లేచి వెళ్లిపోతున్నా, తన చుట్లు పూర్తికాకుండా ఏనాడూ కారు దిగలేదు.

ఆ రోజు పొరపాటున చప్పట్లు కొట్టానంటే నేను ఒప్పుకోను.