పోయొస్తమని చెప్పకూడని ఇల్లు

ఇరాన్ గురించి నాకు తెలిసిందంతా ఆ దేశం విడిచి వచ్చిన హాస్యగాళ్లు, పాటగాళ్ల వీడియోల నుంచే. వాటిని చూపించింది హైదరాబాద్‌లో మా పక్క వాటాలో ఉండే పరీసా. సొంతూరు ఇరాన్‌లోని షిరాజ్. ఇక్కడ చిన్న వేదికల మీద పాడుతుంది, పాటల మధ్య జోకులు చెప్తుంది. నాకు బాగా నచ్చింది వీడ్కోలు జోకు. ఇరానీ ఇంట్లో చుట్టాలు లేచాక గడప దగ్గర ఒక గంట, వాకిట్లో ఒక గంట, కారు కిటికీ దగ్గర ఇంకో గంట. అలా చెప్పుకోకుండా వెళ్తే మర్యాద తప్పినట్టేనట. నేను పగలబడి నవ్వేదాన్ని. వాళ్లంతా తిరిగి వెళ్లలేని ఇళ్ల గురించే నవ్విస్తున్నారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

పరీసా పాటలకు డోలక్ వాయించే సమ్మన్న గుండెపోటుతో పోయాడు. దినాలకు భూపాలపల్లి వెళ్దామంది పరీసా. అప్పటికి కొన్నాళ్లుగా ఇరాన్‌లో లైన్లు ఆపేయడంతో షిరాజ్‌కు ఫోన్లు కలవడం లేదు. అక్కడ వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంది. బతుకుతుందన్న ఆశ లేదు. ఒక్కసారి మాట్లాడి సాగనంపాలన్నదే పరీసా ఆరాటం. అందుకే ఫోను చేతిలోంచి కింద పెట్టడం లేదు.

పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కి జనగామలో దిగాం. సమ్మన్న తమ్ముడు కొమురన్న కారుతో వచ్చాడు. హన్మకొండ, పరకాల, రేగొండ మీదుగా మూడు గంటల పైనే పట్టింది. బస్సులో వెళ్లేవాళ్లు హన్మకొండలో మారాలి, మూడు వందలు దగ్గర పెట్టుకుంటే చాలు.

పరకాల దాటాక కొమురన్న అద్దంలోంచి చూసి, "అక్కా, ఫోన్ కలిసిందా?" అన్నాడు.

"లేదన్నా." పరీసాకు తెలుగు సమ్మన్నే నేర్పాడు.

"పరేషాన్ గాకు. మా అన్నతోని మాకు గూడ మాట దక్కలే. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది."

సమ్మన్న వాళ్లది బొగ్గు గని కార్మికుల క్వార్టరు. ముందు షామియానా, లోపల దండ వేసిన ఫొటో. భోజనాలయ్యాక లేచాం. పరీసా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, సమ్మన్న తల్లి ముందు వంగి, తనకు అలవాటైన ఇరానీ వీడ్కోలు మొదలుపెట్టింది. "పోయొస్తం అవ్వా. వండిన మీ చేతులు నొయ్యొద్దు..."

ఆడవాళ్ల మొహాలు మారిపోయాయి. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, చావైన ఇంట్ల పోయొస్తమని చెప్పొద్దు. మళ్ల ఇసొంటి పనికే రావాల్సొస్తదంటరు. ఊకె లేచి పోవాలె."

"ఒక్క మాట గూడ వద్దా?"

"వద్దు."

"మరి మనసు ఎట్ల ఊకుంటది అవ్వా?"

"ఊకోదు బిడ్డా. నాది ఊకున్నదా?"

మేం మాట లేకుండా బయటికి నడిచాం.

తిరుగు దారిలో రేగొండలో టీకి ఆగాం. అప్పుడు మోగింది ఫోను. వాళ్లన్నయ్య. నాకు అర్థమైంది 'మామాన్' అన్న ఒక్క మాటే, అంటే అమ్మ. పరీసా నాకేసి తిరిగి, "మొన్ననే మట్టిల పెట్టిన్రంట" అంది. మళ్లీ ఫోను చెవికి ఆనించి, నేను వీడియోల్లో విన్న ఆ వీడ్కోలు మాటలే మొదలుపెట్టింది. వదిన పేరు, పిల్లల పేర్లు, మధ్య మధ్య మామాన్. లైను తెగిపోయిన చప్పుడు నాకు కూడా వినబడింది. ఆమె మాత్రం చెప్తూనే ఉంది. కొమురన్న కారు తియ్యలేదు.

ఇప్పుడు ఆ వీడియోలు చూడలేకపోతున్నాను. నవ్వుల్లో చూసి ఒక దేశం తెలిసిందనుకున్నాను. పరీసా ఇప్పుడు ఎక్కడా పాడడం లేదు, మళ్లీ పాడుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఈ వైపు ఎవరింటికైనా దినాలకు వెళ్తే, లేచేటప్పుడు ఏమీ అనకుండా నడవండి. పక్కనున్న మనిషి చెయ్యి మాత్రం పట్టుకోండి. దాన్ని ఎవరూ వద్దనరు.